గొడుగుల సంఘం తరలింపు పూర్వాభ్యాసం

కాకినాడ జగన్నాథపురంలో మహిళా గొడుగుల సహకార సంఘం ఉన్న పెంకుల గోదాము పాతికేళ్లుగా కురుస్తూనే ఉంది. గొడుగులు తయారుచేసే చోటు కాబట్టి ఎవరూ దాన్ని పెద్ద లోపంగా చూడలేదు. వాన మొదలవగానే ప్రతి కుట్టుమిషను మీదా ఒక గొడుగు తెరిచి దూలానికి కట్టేసేవారు. ఏ గొడుక్కి చిల్లు ఉందో దాని కింద కూర్చున్న మనిషే లేచి చెప్పేది. నాణ్యత చూడటానికి వేరే ఉద్యోగి అవసరం లేకుండా చాలా ఏళ్లు అలా గడిచిపోయాయి.

కిందటి వానాకాలంలో మాత్రం సంగతి ముదిరింది. ఒక వరస పెంకులు మొత్తం జారి, లోపల నిలవచేసిన నల్లగుడ్డ తానుల మీద పడ్డాయి. వెనకాలే నీళ్లు దిగాయి. నలభై తానులు బూజుపట్టి, పట్టుకుంటే చిరిగిపోయే స్థితికి వచ్చాయి. స్టోర్ కీపర్ పేరిందేవి వాటిని ఒక్కొక్కటే ఎండలో పరిచి, సాయంత్రం ఒక్కొక్కటే మడిచి, ఇక లాభం లేదని తేలాక వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆవిడ ఆఫీసులో కళ్లనీళ్లు పెట్టుకోవడం అదొక్కసారేనని కుట్టుపని చేసే ఆడవాళ్లు చెప్పుకుంటారు. కంట్లో బూజు పడిందని ఆవిడ అంటుంది.

ఆ దెబ్బతో పైవాళ్లు కదిలారు. ఉప్పుటేరు వంతెన దాటగానే, రెండంతస్తుల కొత్త భవనం ఎనిమిది నెలల్లో లేచింది. పెద్ద పెద్ద కిటికీలు, సిమెంటు కప్పు, కింద హాల్లో నలభై మిషన్లు పట్టేంత చోటు. పాత గోదాము గుమ్మంలో నిలబడితే కొత్త భవనం మీది నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. నడిచి వెళ్తే పన్నెండు నిమిషాలు, దారిలో తెలిసినవాళ్లు తగిలితే పావుగంట. మార్చి నెలాఖరుకి తాళాలు చేతికొచ్చాయి. అంతవరకూ పని అంత సాఫీగా జరగడం చూసినప్పుడే తనకి అనుమానం రావలసిందని పేరిందేవి తర్వాత అనుకుంది.

అదే నెలలో ఏజెన్సీ ప్రాంతపు ఆశ్రమ బడుల నుంచి ఆర్డరు వచ్చింది. పిల్లలకి ఆరువేల గొడుగులు, జూలై పదిహేనులోగా. సంఘం చరిత్రలో అంత పెద్ద ఆర్డరు లేదు. అది సకాలంలో ఇస్తే ఏటా మీకేనన్నారు. ఇవ్వకపోతే ఆ బడులు వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకుంటాయి, ఇక్కడి ముప్ఫై ఎనిమిదిమంది ఆడవాళ్లూ రొయ్యల షెడ్లకి పోయి మంచుగడ్డల్లో చేతులు పెట్టుకోవాలి.

ఏప్రిల్ మొదటివారంలో తరలింపు గురించి సమావేశం జరిగింది. మేనేజింగ్ డైరెక్టర్ హయగ్రీవరావుగారు ఉద్యానవన శాఖ నుంచి డెప్యుటేషన్ మీద కొత్తగా వచ్చిన మనిషి. మెత్తనివాడు, ఎవరినీ ఒక్కమాట పరుషంగా అనడు. అయితే అంతకు ముందువారమే హైదరాబాదులో మార్పు నిర్వహణ మీద మూడురోజుల శిక్షణ పొంది, మెడలో ఆ గుర్తింపుకార్డు ఇంకా తీయకుండా ఉన్నాడు.

“ఎవరైనా సూచనలు చేయవచ్చు,” అన్నాడాయన.

పేరిందేవి లేచింది. “ఆదివారం పెట్టుకుందాం సార్. నూకరాజు దగ్గర ఒక ట్రాక్టరుంది, వాళ్ల బావమరిది దగ్గర ఇంకోటుంది. పొద్దున్న ఆరింటికి మొదలెడితే భోజనాల వేళకి అయిపోతుంది. సోమవారం నుంచి కుట్టుకోవచ్చు.”

హయగ్రీవరావుగారు ఆవిడ వంక జాలిగా చూశాడు. “పేరిందేవిగారూ, మీరు చెబుతున్నది సామాను మోయడం. నేను మాట్లాడుతున్నది తరలింపు.”

“రెండిటికీ తేడా ఏమిటండి?”

“తరలింపునకు ప్రణాళిక ఉంటుంది.”

ఆ సమావేశపు నివేదికలో, ‘స్టోర్ కీపర్ వెలిబుచ్చిన సరళ దృక్పథాన్ని సమావేశం గమనంలోకి తీసుకున్నది’ అని రాశారు. దాని కిందనే తరలింపు ప్రణాళికా విభాగం ఏర్పాటవుతున్నట్టు రాశారు. కాగితాల్లో పొడుగవుతుందని దాన్ని త.ప్ర.వి. అని పిలిచారు.

“ఈ తప్ర రవి ఎవరండమ్మా? కొత్తగా వచ్చేడా?” అని లోవలక్ష్మి అడిగింది. కుట్టేవాళ్లలో అందరికన్నా పెద్దది. అరవై దగ్గరపడినా ఎనిమిది ముక్కల గుడ్డని పదకొండు నిమిషాల్లో గొడుగు చేసి పడేసే చెయ్యి.

“మనిషి కాదే లోవా, డిపార్టుమెంటు.”

“ఆయ్, అలాగా. ఏం చేత్తదండి?”

“మనం ఎలా వెళ్లాలో ఆలోచిస్తుంది.”

లోవలక్ష్మి గుమ్మంలోంచి వంతెన వైపు ఓసారి చూసింది. “అలా తిన్నగా ఎల్లి, కుడిపక్కకి తిరగడమే కదండి,” అంది.

విభాగానికి అధిపతిగా హైదరాబాదు నుంచి ప్రద్యుమ్న అనే సలహాదారు వచ్చాడు. ముప్ఫై రెండేళ్లుంటాయి. చాలా మర్యాదస్తుడు. అందరినీ మేడమ్ అనేవాడు, చివరికి నూకరాజు ట్రాక్టరు వెనక కూర్చుని వచ్చే చేపలమ్మనీ. ఇంతకుముందు అతను ఒక పెద్ద ఆసుపత్రి తరలింపునకు ప్రణాళిక రచించాడు. అది తరలిందా అని పేరిందేవి అడిగితే, ఆ ప్రణాళికకి మాత్రం జాతీయస్థాయిలో చాలా మంచి పేరు వచ్చిందని చెప్పాడు.

మొదటి నియమం వచ్చింది. తరలించబోయే ప్రతి వస్తువుకీ ఒక నెంబరు ఉండాలి. నెంబరు ఉన్న ప్రతి వస్తువుకీ పద్నాలుగు గడుల పత్రం ఒకటి నింపాలి. తొమ్మిదో గడిలో ‘ఈ వస్తువును తరలించవలసిన ఆవశ్యకత’, పదకొండో గడిలో ‘తరలించని పక్షంలో సంభవించగల పరిణామం’ రాయాలి.

పేరిందేవి సూదుల పెట్టెతో మొదలుపెట్టింది. ఆవశ్యకత దగ్గర ‘కుట్టడానికి’ అని రాసింది. పరిణామం దగ్గర ‘కుట్టలేకపోవడం’ అని రాసింది. కత్తెరలకి ‘కత్తిరించడానికి’, ‘కత్తిరించలేకపోవడం’. మంచినీళ్ల బిందెకి ‘తాగడానికి’ అని రాసి, పరిణామం దగ్గర కాసేపు ఆలోచించి, ‘దాహం’ అని రాసింది. ఆ పత్రం మర్నాడు తిరిగొచ్చింది. పక్కన ఎర్రసిరాతో, ‘పరిణామం తీవ్రత పేర్కొనలేదు. అల్పమా, మధ్యమమా, అధికమా?’ అని ఉంది.

తర్వాత గొడుగు ఊచల దగ్గరికి వచ్చారు. ఒక్కో గొడుక్కి ఎనిమిది ఊచలు. ఆరువేల గొడుగులకి నలభై ఎనిమిదివేలు, కట్టలు కట్టి స్టోరులో ఉన్నాయి.

“కట్టకో నెంబరు వేద్దామండీ,” అంది పేరిందేవి.

ప్రద్యుమ్న అన్యాయం చేయదలచుకోలేదు. విభాగం నిర్వచనాల పుస్తకం తెరిచి చదివాడు. “వస్తువు అనగా, విడిగా చేతితో ఎత్తగలిగినది, మేడమ్. ఊచని విడిగా ఎత్తగలమా?”

“ఎత్తగలం.”

“మరి!”

కుట్టుపని ఆపి ముప్ఫై ఎనిమిదిమందీ ఎనిమిది రోజులు ఊచలకి చీటీలు అంటించారు. ఏప్రిల్ ఎండ. ఫ్యాను వేస్తే చీటీలు ఎగిరిపోతున్నాయని ఫ్యాను కట్టేశారు. చెమటకి చీటీలు ఊచల్ని వదిలి మనుషుల్ని పట్టుకున్నాయి. ఇళ్లకి వెళ్లాక జాకెట్ చేతుల మీదా, జడల మీదా నెంబర్లు దొరికేవి.

నాలుగురోజుల తర్వాత ప్రద్యుమ్న కంప్యూటర్ పట్టుకుని స్టోరులోకి వచ్చాడు. ముఖంలో ఆందోళన ఉంది. “మేడమ్, రెండువేల రెండువందల పద్నాలుగో నెంబరు వస్తువు రోజూ సాయంత్రం ఐదున్నరకి లెక్కలో తగ్గిపోతోంది. పొద్దున్న తొమ్మిదింటికి మళ్లీ కనబడుతోంది.”

పేరిందేవి హాల్లోకి తొంగిచూసింది. “అది లోవలక్ష్మి అండీ. మోచేతి మీద అంటుకుంది. మీవాళ్లు చూసి రాసుకున్నారు.”

“రిజిస్టరులో ఎక్కిన వస్తువుని తొలగించాలంటే డైరెక్టర్ల బోర్డు ఆమోదించాలి మేడమ్.” అతను తల గోక్కున్నాడు. “ప్రస్తుతానికి తొమ్మిదో గడి నింపేద్దాం. ఈ వస్తువును తరలించవలసిన ఆవశ్యకత?”

పేరిందేవి అటు చూసింది. లోవలక్ష్మి తల వంచుకుని కుడుతోంది. పక్కనున్న కొత్తమ్మాయి గుడ్డ వంకరపోతే ఎడంచేత్తో లాగి సరిచేసి, కుడిచేత్తో తన పని చేసుకుంటోంది.

“రాసుకోండి,” అంది పేరిందేవి. “ఈవిడ లేకపోతే గొడుగులు లేవు. పరిణామం అధికం.”

రెండో నియమం మే నెలలో వచ్చింది. నెంబరు పడిన వస్తువును వాడరాదు. వాడితే అరుగుతుంది, అరిగితే పత్రంలో రాసిన స్థితికీ అసలు స్థితికీ పొంతన కుదరదు. ఆర్డరు కోసం మిషన్లు, సూదులు, ఊచలు మినహాయించి, కత్తెరలన్నీ కాగితం చుట్టి సీలు వేశారు. ఆడవాళ్లు ఇళ్ల దగ్గర్నుంచి కత్తెరలు తెచ్చుకున్నారు. అవి సంఘానివి కావు కాబట్టి తరలించక్కర్లేదు, తరలించక్కర్లేదు కాబట్టి వాడుకోవచ్చు.

ఇంత పని ఉన్న నలుగురితో కాదని విభాగంలో మనుషుల్ని పెంచారు. లెక్కింపుకి ఆరుగురు, లెక్కించినవారి లెక్క చూడటానికి ముగ్గురు, గడుల పత్రాలు దాచడానికి నలుగురు, వీళ్లందరి పురోగతి మీద పటాలు గీయడానికి ఇద్దరు. వాళ్లకి చోటు కావాలని గుడ్డ కత్తిరించే గది ఖాళీ చేయించారు. బల్లలు ఆరుబయట అరుగు మీదికి వచ్చాయి. గాలికి గుడ్డ ఎగురుతుంటే ఇద్దరు పట్టుకుంటే ఒకరు కత్తిరించేవారు. మే ఆఖరుకి రెండువేల గొడుగులు కూడా పూర్తికాలేదు.

అప్పటికి విభాగంలో పంతొమ్మిదిమంది అయ్యారు. పాత గోదాములో ఉక్కపోతకి వాళ్లు ఆలోచించలేకపోతున్నారని, ఆలోచన ఆగితే తరలింపే ఆగుతుందని ప్రద్యుమ్న రాశాడు. హయగ్రీవరావుగారు వెంటనే ఆదేశం ఇచ్చాడు. ఒక మంగళవారం పొద్దున్న నూకరాజు ట్రాక్టరు వచ్చింది. పంతొమ్మిది బల్లలు, పంతొమ్మిది కుర్చీలు, కంప్యూటర్లు, పత్రాల బీరువాలు ఎక్కించుకుని మూడు ట్రిప్పుల్లో వంతెన దాటించాడు. పదకొండు గంటలకల్లా కొత్త భవనంలో వాళ్లు టీ తాగుతున్నారు.

పేరిందేవి నేరుగా ఎండీగారి గదికి వెళ్లింది. “సార్, వాళ్ల బల్లలకి నెంబర్లు వేయలేదు. పత్రాలు నింపలేదు.”

“ప్రణాళికను రచించేవారు ప్రణాళిక పరిధిలోకి రారు పేరిందేవిగారూ,” అన్నాడాయన ఎంతో ఓపికగా. “పైగా అది తరలింపు కాదు. తాత్కాలిక సర్దుబాటు.”

ఆవిడకి కోపం రాలేదు. ఆ మాట మాత్రం మనసులో ఒక మూల పెట్టుకుంది. ఇరవై ఆరేళ్లు స్టోరు చూసిన మనిషి, దేన్నీ పారేయదు.

జూన్ తొమ్మిదిన మొదటి వాన పడింది. సాయంత్రం నాలుగున్నరకి మబ్బు కమ్మి, ఐదింటికల్లా గోదాములో పద్దెనిమిదిచోట్ల ధార కట్టింది. ఎప్పటిలా మిషన్ల మీద గొడుగులు కట్టబోతే, తయారైన గొడుగులన్నీ నెంబరు పడి సీలు వేసి ఉన్నాయి. ఆడవాళ్లు కొంగులు కప్పుకుని కుట్టారు. తడిసిన గుడ్డ మీద సూది జారుతుంది, కుట్టు వదులవుతుంది. ఆ వారంలో నూట నలభై గొడుగులు విప్పి మళ్లీ కుట్టవలసి వచ్చింది. పనిని బట్టి కూలి కాబట్టి, తెల్లారితే సరుకులు తెచ్చుకునే ఇళ్లలో అది తెలిసిపోయింది. పదకొండుమంది రొయ్యల షెడ్లకి వెళ్లిపోయారు. చెప్పి మరీ వెళ్లారు, పేరిందేవి కళ్లలోకి చూడకుండా.

“నేనూ పోదామనే అనుకున్నానండి,” అంది లోవలక్ష్మి ఆ సాయంత్రం, మిషనుకి నూనె వేస్తూ. “కానండి, నాకు నెంబరుంది కదండి. ఎల్తే మీమీదకి వత్తాది.”

పేరిందేవికి నవ్వొచ్చింది. చీర కుచ్చెళ్లు సర్దుకుని, గొడుగు వేసుకుని వంతెన దాటి కొత్త భవనానికి వెళ్లింది.

కింద హాలు నిండా బల్లలు. నలభై మిషన్లు పట్టవలసిన చోట, అట్టతోనూ థర్మకోలుతోనూ చేసిన కొత్త భవనం నమూనా ఉంది. అందులో కింద హాల్లో చీమంత కుట్టుమిషన్లు నలభై వరసగా పెట్టి ఉన్నాయి. ప్రతి మిషను ముందూ చిన్న బొమ్మ. బొమ్మలకి చీరలు కూడా కట్టారు.

“బాగుందండి,” అంది పేరిందేవి. “మరి మేమెప్పుడు రావాలి?”

ప్రద్యుమ్న ముఖం కొంచెం వాడిపోయింది. ఆవిడకి కుర్చీ వేయించి, స్వయంగా టీ తెచ్చి ఇచ్చాడు. “మేడమ్, ఒక విషయం. నిన్ననే ఈ భవనం వినియోగ సర్వే పూర్తయింది. ప్రస్తుత వినియోగం నూటికి నూరుశాతం. ఇక్కడ కార్ఖానాకి చోటులేదు.”

“ఇది కార్ఖానా కోసం కట్టిందే కదండీ.”

“అవును మేడమ్. కట్టేటప్పుడు విభాగం లేదు కదా, అంచనా తప్పింది. ఇంకో భవనం కావాలని ప్రతిపాదన పంపుతున్నాం. అందులోకి తరలింపునకు ప్రణాళిక కూడా మేమే ఇస్తాం. అనుభవం వచ్చింది కదా.” అతని గొంతులో వేళాకోళం ఏమీ లేదు. నిజంగానే సాయం చేయాలనుకుంటున్నాడు.

టీ మాత్రం బాగుంది. పేరిందేవి తాగి, కప్పు కడిగి పెట్టి, బయటికి వచ్చింది.

ప్రతిపాదన పైకి వెళ్లినా ప్రణాళిక ఆగలేదు. నూట పన్నెండు పేజీల ప్రణాళికలో ఏడో అధ్యాయం పూర్వాభ్యాసం. అసలు తరలింపు రోజున ఎవరూ తడబడకుండా ముందే అలవాటు చేయాలి. జూన్ మూడోవారంలో మిగిలిన ఇరవై ఏడుమంది ఆడవాళ్లూ తలా ఒక ఖాళీ అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని, వరసగా వంతెన దాటి, కొత్త భవనంలో సుద్దముక్కతో గీసిన గళ్లలో పెట్టి, పది నిమిషాలు నిలబడి, మళ్లీ అవే పెట్టెలు మోసుకుని వెనక్కి వచ్చారు. ముందు నడుస్తూ ఒకాయన విజిల్ ఊదాడు.

“ఏ పార్టీ అమ్మా?” అని వంతెన మీద జామకాయలమ్మే మనిషి అడిగాడు.

“పార్టీ కాదు బాబూ, ఆపీసు,” అంది లోవలక్ష్మి.

“పెట్టెల్లో ఏటున్నాయి?”

“ఏటీ లేదు.”

అతను తనకెందుకులే అన్నట్టు జామకాయలు సర్దుకున్నాడు.

మూడు పూర్వాభ్యాసాలు జరిగాయి. ఆ మూడుపూటలూ కుట్టు లేదు. మూడోదాని తర్వాత ప్రద్యుమ్న నివేదిక ఇచ్చాడు. అందరి నడకా సంతృప్తికరం. అయితే పెట్టెలు ఖాళీగా ఉన్నందువల్ల మోసేవారి ముఖాల్లో బరువు కనిపించలేదు. పూర్వాభ్యాసపు వాస్తవికత పన్నెండుశాతం మాత్రమే.

ఆ నివేదిక నకలు అందరితోపాటు స్టోరుకీ వచ్చింది. పేరిందేవి దాన్ని మధ్యాహ్నం భోజనం చేస్తూ ఒకసారి, చేయి కడుక్కుని ఒకసారి చదివింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి, తెల్లకాగితం తీసింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ రాయని భాషలో మొదటిసారి రాసింది.

‘పూర్వాభ్యాసమునందలి వాస్తవికతా లోపమును నివారించు నిమిత్తము, తదుపరి పూర్వాభ్యాసమును సంపూర్ణ వాస్తవిక పూర్వాభ్యాసముగా నిర్వహించుటకు అనుమతి కోరడమైనది. ఇందు నిమిత్తము పెట్టెలయందు వస్తువులు ఉంచబడును. మిషన్లు సైతము అభ్యాసము చేయును. రెండు అభ్యాస ట్రాక్టర్లు వినియోగించబడును. గమ్యస్థానమందు పది నిమిషములు నిలబడుటకు బదులు, కుట్టెదరు. అభ్యాసకాలమందు విభాగమువారి బల్లలను తాత్కాలిక సర్దుబాటు కింద పాత భవనమునందు ఉంచవచ్చును. ఫలితము సంతృప్తికరమని ధ్రువీకరించబడు వరకు పూర్వాభ్యాసము కొనసాగును.’

రాసి, మళ్లీ చదువుకుని, ‘కుట్టెదరు’ అని ఉన్న ఒక చోట కొట్టేసి ‘సీవన ప్రక్రియ నిర్వహించెదరు’ అని దిద్దింది.

హయగ్రీవరావుగారు ఆ కాగితం చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా అయ్యాడు. “పేరిందేవిగారూ,” అన్నాడు. “ఇన్నాళ్లకి మీలో మార్పు వచ్చింది.”

“మీ శిక్షణేనండి.”

“తరలింపునకూ పూర్వాభ్యాసానికీ తేడా మీకు స్పష్టంగా ఉందిగదా?”

“స్పష్టంగా ఉందండి. ఇది తరలింపు కాదు.”

ఆయన సంతకం పెట్టాడు. ప్రద్యుమ్న కూడా పెట్టాడు. వాస్తవికత ఎంతశాతం రావచ్చని మాత్రం అడిగాడు. తొంభై దాటుతుందని పేరిందేవి అంటే, దేశంలో ఎక్కడా అంత నమోదు కాలేదని ఆనందంగా చెప్పాడు. వాస్తవికత కోసం సీళ్లు తీయడానికి కూడా అప్పుడే ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి నూకరాజు, వాళ్ల బావమరిది ట్రాక్టర్లు తెచ్చారు. ఆకాశం మబ్బుగా ఉందిగాని వాన లేదు. ఆడవాళ్లు చీరలు ఎగదోపి ఎక్కించడం మొదలుపెట్టారు. ముందు తానులు, తర్వాత ఊచలు, కాడలు, పిడులు. మిషన్లని నలుగురేసి పట్టుకుని దించారు. తిరుగు ట్రిప్పులో విభాగం బల్లలు వచ్చేవి. వంతెన మీద ఎదురుపడితే ఒక ట్రాక్టరు ఆగి రెండోదానికి దారిచ్చేది.

“ఇది నిజంగా ఎల్లిపోడమేనా, లేకపోతే ఆటేనా అమ్మగారూ?” అన్నాడు నూకరాజు, మిషను తాడు బిగిస్తూ. “తిరిగి మోయాలంటే ఇప్పుడే సెప్పండి, ముడి అలా యేత్తాను.”

“గట్టిగా వెయ్యి,” అంది పేరిందేవి.

ఒంటిగంటన్నరకి ఆఖరి ట్రిప్పు దిగింది. అందరూ ఆ హాల్లోనే నేలమీద కూర్చుని పులిహోర తిన్నారు. రెండింటికి వాన మొదలైంది. జోరున కురిసింది. తింటున్నవాళ్లందరూ చేయి ఆపి, తలెత్తి కప్పు వంక చూశారు. చాలాసేపు చూశారు. చుక్క పడలేదు.

“అమ్మో,” అంది ఎవరో, భయపడినట్టుగా.

సోమవారం నుంచి కుట్టు మొదలైంది. కిటికీల్లోంచి వెలుగు నేరుగా మిషన్ల మీద పడుతోంది. ఎవరి గుడ్డా తడవలేదు. పంతొమ్మిదిమంది పాత గోదాములో కూర్చుని పూర్వాభ్యాసపు ఫలితాల్ని విశ్లేషించసాగారు. నీళ్లు పడే చోట్లు పేరిందేవికి కంఠస్థం కాబట్టి, ఎక్కడెక్కడ బల్లలు వేసుకోకూడదో ముందే సుద్దతో గీసిపెట్టింది. పైగా ఆరు గొడుగులు కూడా పంపింది. వాళ్లు వాటికి రసీదు రాసి పంపారు.

వారం తిరిగేసరికి రొయ్యల షెడ్లకి వెళ్లినవాళ్లలో ఎనిమిదిమంది గుమ్మంలో నిలబడ్డారు. చేతులు తెల్లగా నానిపోయి ఉన్నాయి. పేరిందేవి లోపలికి దారిచ్చింది. “అభ్యాసంలో చోటుంది, రండి,” అంది.

జూలై మొదటివారంలో ఒక వానరోజున హయగ్రీవరావుగారు ప్యాంటు మడుచుకుని కొత్త భవనానికి వచ్చాడు. గుమ్మంలో ఆగి లోపలికి చూశాడు. ముప్ఫై అయిదు మిషన్లు ఒక్కసారి నడుస్తున్నాయి. గోడవారగా పూర్తయిన గొడుగులు కట్టలు కట్టలుగా పెరుగుతున్నాయి. ఒకామె పాట పాడుతోంది, ఇద్దరు ముగ్గురు అందుకుంటున్నారు. ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ అలాగే నిలబడ్డాడు.

“పేరిందేవిగారూ,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “ఇది... అయిపోయింది కదూ?”

“ఏది సార్?”

“తరలింపు.”

ఆవిడ ఆయన ముఖం చూసింది. శిక్షణకి వెళ్లొచ్చిన మూడు నెలల్లో ఆ మనిషి చిక్కిపోయాడు. ఇంటికి వెళ్లి కూడా పటాలు గీస్తున్నాడని, ఉద్యానవన శాఖలో ఉన్నప్పుడు కుండీల్లో పెంచిన గులాబీలకి నీళ్లు పోయడం కూడా మానేశాడని ప్రద్యుమ్నే చెప్పాడు.

“లేదు సార్,” అంది. “ఇంకా అభ్యాసమే.”

ఆయన ఊపిరి వదిలాడు. “అయితే ఫర్వాలేదు,” అన్నాడు. ఒక గొడుగు తీసి తెరిచి చూశాడు, కుట్టు మీద వేలితో నిమిరాడు, జాగ్రత్తగా మూసి పెట్టాడు. “బాగా చేస్తున్నారు. అభ్యాసానికే ఇంత బాగా చేస్తున్నారు.”

జూలై పద్నాలుగు మధ్యాహ్నం ఆరువేల గొడుగులతో లారీ ఏజెన్సీకి బయల్దేరింది. అవి అభ్యాసంలో తయారైనవి కదా, నిజమైన గొడుగులుగా పరిగణించవచ్చునా అని విభాగం ఒక చీటీ పంపింది. వానలో తెరిచి చూసుకోవలసిందని పేరిందేవి జవాబు రాసింది.

ఆగస్టులో పైనుంచి తనిఖీకి సంయుక్త సంచాలకురాలు అరుంధతిగారు వచ్చారు. మాటలు తక్కువ, అడుగులు ఎక్కువ వేసే మనిషి. ముందు పాత గోదాముకి తీసుకెళ్లి ప్రద్యుమ్న ప్రణాళిక చూపించాడు. అది అప్పటికి మూడు సంపుటాలైంది. ఆవిడ ఒక గొడుగు కింద నిలబడి రెండు పేజీలు తిరగేసి, “కార్ఖానా ఏదీ?” అన్నారు.

వంతెన దాటి కొత్త భవనానికి తీసుకొచ్చారు. ఆవిడ హాలంతా తిరిగారు. గుడ్డ నిలవ చూశారు, గొడుగొకటి తెరిచి వెలుగుకి ఎత్తి చూశారు, ఆడవాళ్లతో మాట్లాడారు. తర్వాత హయగ్రీవరావుగారి వైపు తిరిగి, “మరి తరలింపు ఎప్పుడు?” అన్నారు.

“పూర్వాభ్యాసం జరుగుతోంది మేడమ్. ఫలితం సంతృప్తికరమని ధ్రువీకరణ అయ్యాక, మొత్తం వెనక్కి పాత భవనానికి చేర్చి, అక్కడి నుంచి అసలు తరలింపు ప్రారంభిస్తాం.”

హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లోవలక్ష్మి చేతిలో దారం పట్టుకుని అలాగే ఉండిపోయింది. తను రాసిన ఆఖరి వాక్యానికి అటువంటి అర్థం ఒకటి ఉందని పేరిందేవికి అంతవరకూ తోచలేదు. ఆవిడ స్టోరు తలుపు పట్టుకుంది.

అరుంధతిగారు కిటికీలోంచి బయటి వాన చూశారు. ఆడవాళ్లని చూశారు. తలుపు పట్టుకుని నిలబడ్డ పేరిందేవిని కాస్త ఎక్కువసేపు చూశారు. “ఈ పూర్వాభ్యాసానికి అనుమతి కోరింది ఎవరు?”

“నేనేనండి,” అంది పేరిందేవి.

“మంచి భాష,” అన్నారావిడ. తనిఖీ పుస్తకం అడిగి తెప్పించుకుని, నిలబడే నాలుగు పంక్తులు రాసి, సంతకం చేసి, పేరిందేవి చేతికే ఇచ్చి కారెక్కారు.

పేరిందేవి కళ్లజోడు పెట్టుకుంది. ముప్ఫై అయిదుమందీ మిషన్ల దగ్గర్నుంచి ఆవిడ వంకే చూస్తున్నారు.

“ఏటని రాసేరండమ్మా?” అంది లోవలక్ష్మి.

పేరిందేవి పైకి చదివింది. “పూర్వాభ్యాసమును స్వయముగా పరిశీలించితిని. ప్రగతి కనిపించుచున్నది గాని, సంతృప్తికరమని ధ్రువీకరించుటకు ఇంకను చాలాకాలము పట్టును. అంతవరకు ఎవరును కదలరాదు.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. కొత్తమ్మాయి పక్కనున్నామెని మోచేత్తో పొడిచి, చెవిలో ఏమిటని అడిగింది.

“మనకింకా పని రాలేదంట,” అంది లోవలక్ష్మి, మిషను చక్రం మీద చెయ్యేసి. “నేర్సుకోవాలంట. కుట్టు, కుట్టు.”